గడప మీది దీపం

మీ యింట్లో ఫోటోల ఆల్బం వుంటే ఒకసారి తీసి తిరగేయండి. నడిమింట్లోంచి వీధివైపు తిరిగి తీసిన ఫోటో ఒకటైనా అందులో వుండకపోదు. కొత్త కోడలు గడప దగ్గర నిలబడినదో, పరీక్ష పాసైన అబ్బాయి గుమ్మానికి ఆనుకుని నవ్వుతున్నదో. ఆ ఫోటోకు రెండు గతుల్లో ఒకటి పట్టి వుంటుంది. వీధి, చెట్టు, ఆకాశం చక్కగా వచ్చి మనిషి మొహం కాటుక పులిమినట్టు నల్లగా వుంటుంది. లేదా మొహం బాగా వచ్చి, వీధి మొత్తం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయి వుంటుంది. ఫోటో తీసినవాణ్ణి నాలుగు మాటలని ఆల్బం మూసేస్తాము. పాపం, అందులో అతని తప్పు సగమే. మిగిలిన సగం వెలుగుది.

మా తెలుగు మేష్టర్ల దగ్గర ‘దేహళీ దీప న్యాయం’ అని ఒకటున్నది. గడప మీద దీపం పెడితే అది యింట్లోకీ వెలుగిస్తుంది, వాకిట్లోకీ వెలుగిస్తుంది. అలాగే వాక్యం నడుమ వున్న ఒక మాట ముందుదానికీ, వెనకదానికీ కూడా అన్వయిస్తే ఈ న్యాయం చెబుతాము. పద్ధెనిమిదేళ్ళుగా దీనిని పిల్లలకు చెప్పి జీతం పుచ్చుకుంటున్నాను. గడప యివతలకూ అవతలకూ ఒకేసారి న్యాయం చెయ్యడం యెంత కష్టమో మాత్రం క్రిందటి యేడు బహదూర్‌పల్లిలో మా పెద్దమ్మ యింటికి వెళ్ళినప్పుడు గాని నాకు తెలిసిరాలేదు.

బహదూర్‌పల్లి యెరగనివారికి రెండు మాటలు. హైదరాబాదుకు ఉత్తరాన జీడిమెట్ల, సూరారం దాటి నర్సాపూరు రోడ్డున పోతుంటే వస్తుంది. యిటు కొంపల్లి నుంచి వచ్చేవారు దూలపల్లిలో అటవీ అకాడమీ చెట్ల పక్కగా వస్తారు. కాస్త ముందుకు పోతే దుండిగల్లు, అక్కడ వైమానిక దళం వారి అకాడమీ. తర్ఫీదు విమానాలు పొద్దున్నే మిద్దెల మీదుగా గుర్రుమంటూ పోతుంటాయి. మహీంద్రావారు 2014లో ఇంజనీరింగు కళాశాల పెట్టారు. 2020లో అది విశ్వవిద్యాలయమైంది. ఆ తరువాత అపార్టుమెంట్లు యెలా లేచాయో చెప్పనక్కరలేదు. వాటి నడుమ గూనపెంకుల యిల్లొకటి, ముందు వాకిలి, వాకిట్లో వేపచెట్టు. పదమూడో యేట మా పెద్దమ్మ కాపురానికి వచ్చిన యిల్లు అది. ఆమెకిప్పుడు యెనభై నాలుగు.

కొడుకులు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని యింటిని కట్టుబడికి యిచ్చేశారు. దసరా వెళ్ళగానే పడగొట్టడం. ఈ మాట పెద్దమ్మకు చెప్పడానికి అందరూ భయపడ్డారు గాని, ఆవిడ యేమీ అనలేదు. నన్ను పిలిచి ఒకటే అడిగింది.

“ఇల్లు పోతె పోనియ్యి బిడ్డా. నేను గడప మీద కూసున్న ఫోటో ఒక్కటి తియ్యిపియ్యి. నా మొకం కనపడాలె, వాకిట్ల యాపచెట్టు కనపడాలె, దేవుని అర్ర కనపడాలె. గా మూడుంటె నాకు ఇల్లున్నట్టే.”

ఇదేమంత పని అనుకున్నాను. బజారులో స్టూడియో అతన్ని పిలిపించాము. అతను నడిమింటి మూలకు జరిగి కెమేరా పెట్టాడు. అక్కడినుంచి చూస్తే కుడివైపు పెద్ద దర్వాజ, గడప మీద పెద్దమ్మ, ఆమె వెనక యెండలో వేపచెట్టు. యెడమవైపు దేవుని అర్ర తలుపు. మూడూ ఒకే చూపులో వచ్చాయి. కంటికి వచ్చాయి గాని ఫోటోకు రాలేదు. మొదటిదాంట్లో చెట్టు వచ్చింది, మనిషి నీడయింది. రెండోదాంట్లో మనిషి వచ్చింది, చెట్టు ఆవిరైంది. మూడోసారి ఫ్లాషు కొట్టాడు. మొహం పసుపు ముద్దలా మెరిసి, వెనక గోడ మీద పెద్దమ్మకు జంటగా ఒక నల్లని పెద్దమ్మ లేచింది. దేవుని అర్ర మూడింటిలోనూ నల్లగుడ్డ కప్పినట్టే వున్నది. “ఇంతకంటే రాదు సార్,” అని అతను డబ్బు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. మర్యాదస్తుడు.

అయితే మన కంటికి కనపడ్డది కెమేరాకు యెందుకు కనపడలేదు? ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి.

వెలుగును లక్సుల్లో కొలుస్తారు. నడి మధ్యాహ్నం తెరిపి యెండలో సుమారు లక్ష లక్సులుంటాయి. పాత పెంకుటింటి నడిమింట్లో, దర్వాజకు దూరంగా, నలభై యాభై వుంటే గొప్ప. దేవుని అర్రలో అయిదు. అంటే వాకిటికీ నడిమింటికీ రెండు వేల రెట్లు, వాకిటికీ దేవుని అర్రకూ యిరవై వేల రెట్లు తేడా! ఫోటో అచ్చు వేసే కాగితం సంగతి చూడబోతే, దాని మీది అతి తెల్లని తెలుపుకూ అతి నల్లని నలుపుకూ తేడా వంద రెట్లకు అటూ యిటూ మాత్రమే. యిరవై వేలను వందలో కూరాలి. పెళ్ళివారినందరినీ ఒక ఆటోలో యెక్కించడం వంటి పని.

ఫోటోగ్రాఫర్లు ఈ తేడాలను రెట్లలో చెప్పరు, ‘స్టాపు’ల్లో చెబుతారు. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం. మన ఆడవాళ్ళకు యిది కొత్త లెక్కేమీ కాదు. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. గిద్దనుంచి మానికకు నాలుగు మెట్లే, కొలత మాత్రం పదహారు రెట్లు. అలాగే పదకొండు స్టాపులు యెక్కితే రెండు వేల రెట్లు దాటుతుంది. పద్నాలుగు స్టాపులకు పదహారు వేలు దాటుతుంది.

కన్ను ఈ మెట్లన్నీ యెక్కడం దానికున్న ఉపాయం వల్ల. కంటిపాప యెండలో రెండు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చీకట్లో యేడెనిమిది దాకా విప్పుకుంటుంది. అది చాలక లోపలి పొర కూడా తన సున్నితాన్ని మార్చుకుంటుంది. చూపు చెట్టు మీదికి పోయినప్పుడు చెట్టుకు తగ్గట్టు, మూలకు తిరిగినప్పుడు మూలకు తగ్గట్టు సర్దుకుంటుంది. ఈ ముక్కలన్నీ మెదడు కుట్టి ఒక బొమ్మ చేసి మనకిస్తుంది. మనం యేదో ఒక్కసారే చూశామనుకుంటాము. మిట్టమధ్యాహ్నం యెండనపడి వచ్చి మాట్నీ హాల్లోకి అడుగుపెట్టినప్పుడు యెవరి కాలో తొక్కుతామే, ఆ కాసేపు మాత్రం ఈ మోసం బయటపడుతుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా కావాలి.

కెమేరాకు ఆ ఉపాయం లేదు. ఒక్క చూపులో మొత్తం చూడాలి. దాని లోపల వెలుగు పట్టే చిన్న చిన్న గుంటలు కోట్ల కొద్దీ వుంటాయి. వాకిట్లో వరసగా చెంబులు పెట్టి వానకు వదిలినట్టు అనుకోండి. జోరుగా కురిసేచోట చెంబు నిండి పొర్లిపోతుంది. పొర్లిన తరువాత యెంత కురిసిందో చెప్పే దారి లేదు. అదే తెల్లబోయిన ఆకాశం. చూరు కింద పెట్టిన చెంబులో నాలుగు చినుకులు పడి అడుగు తడుస్తుంది. అది వాన తడో, కడిగినప్పటి తడో తేలదు. అదే ఫోటోలో నల్లని మూల, ఆ నలుపులో యిసుక చల్లినట్టు కనపడే చుక్కలు. చెంబులను యెక్కువసేపు వుంచితే చూరు కిందివి బాగుపడతాయి గాని వాకిట్లోవి పొర్లుతాయి. తక్కువసేపు వుంచితే అటుదిటు అవుతుంది.

దీనికి విరుగుడు తట్టాలంటే పెద్ద చదువేమీ అక్కరలేదు. చెంబులను ఒకసారి క్షణంసేపు, ఒకసారి కొంచెంసేపు, ఒకసారి చాలాసేపు వుంచి చూడాలి. ఒక్కొక్క చోటికి, పొర్లకుండా, అడుగంటకుండా వచ్చిన చెంబు యేదో దాని మాటే నమ్మాలి. అది యెంతసేపు వానలో వున్నదో మనకు తెలుసు గనుక భాగిస్తే వాన జోరు తెలిసిపోతుంది. ఇప్పుడు హెచ్.డి.ఆర్., అంటే హై డైనమిక్ రేంజ్ అని చెప్పుకునే ఛాయాచిత్ర విద్య సారమంతా యిదే. ఒకే దృశ్యాన్ని వేరు వేరు వ్యవధుల్లో అనేకసార్లు తీసి, ఒక్కొక్క దాంట్లో మంచిభాగం యేరి, ఒకటిగా కలపడం.

విద్య కొత్తదనుకుంటారేమో, కాదు. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే అనే ఆయన సముద్రం ఫోటోలు తీసేవాడు. ఆనాటి గాజుపలకలకు నీలిరంగంటే మహా చురుకు. సముద్రం పడేదాకా ఆగితే ఆకాశం మాడిపోయేది. అందుకని కొన్ని పటాలకు ఆయన ఆకాశానికొక పలక, సముద్రానికొక పలక తీసి, రెండింటినీ దిగంతరేఖ దగ్గర అతికి కాగితం మీద అచ్చు వేశాడు. 1857లో తీసిన ఆయన కెరటాల బొమ్మలు చూసి లండను, పారిసు నగరాలు ఆశ్చర్యపోయాయి.

మన వూరికి వద్దాము. సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ పేరు విననివారుండరు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో సర్కారు కొలువు చేస్తూ కెమేరా పట్టినవారు. 1892లో హైదరాబాదులో స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారు. 1905లో పోయారు. ఆయన స్టూడియో గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా వున్నాయి. నవాబుల దివాణఖానాలు, షాండ్లియరులు, నిలువుటద్దాలు ఆయన పటాల్లో చూస్తుంటే నాకిప్పుడు వేరే చింత కలుగుతుంది. కిటికీలోంచి పడే యెండకూ, గది మూలకూ మధ్య ఆయన యెన్ని అవస్థలు పడ్డారో! ఆ కాలపు స్టూడియోలకు గాజుకప్పు, దానికింద లాగుడు తెరలు వుండేవి. వెలుగును తమకు కావలసినంత వరకు కిందికి దింపుకునేవారు. అదీ చాలకపోతే నెగటివు మీద పెన్సిలుతో దిద్దేవారు. చీకటిగదిలో అచ్చు వేసేటప్పుడు నల్లబారే భాగానికి చెయ్యి అడ్డం పెట్టి, తెల్లబారే భాగానికి వెలుగు యెక్కువసేపు వదిలేవారు. మొన్న మొన్నటి దాకా ప్రతి స్టూడియోలోనూ యిది నిత్యకృత్యమే.

ఈ లెక్కను శాస్త్రం స్థాయికి తెచ్చినవాడు అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్. 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చరు అనే ఆయనతో కలిసి కటిక నలుపు నుంచి తెల్లకాగితం దాకా వెలుగును మెట్లుగా విభజించి ‘జోన్ సిస్టం’ అని పేరు పెట్టాడు. 1941లో న్యూమెక్సికోలో కారులో పోతుంటే, కొండల మీద చంద్రోదయం, కింద సమాధుల తెల్లని శిలువల మీద ఆఖరి పొద్దు కనపడ్డాయట. కెమేరా నిలబెట్టాడు గాని వెలుగు కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగెంతో ఆయనకు కంఠోపాఠం. దానినిబట్టి నోటిలెక్క వేసి మీట నొక్కాడు. రెండోది తీద్దామనుకునేలోగా శిలువల మీద వెలుగు పోయింది. ఛాయాచిత్రాల్లో ‘ఆడమ్స్ చంద్రోదయం’ అంటే నేటికీ తెలియనివారు లేరు.

సినిమావారి దారి వేరు. వాళ్ళు కెమేరాను సాగదీయరు, చీకటి పక్కకు దీపాలు తెస్తారు. 1957లో ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లే తెర మీద కురిపించిన వెన్నెల చంద్రుడు పంపినది కాదు గదా! మా పెద్దమ్మ యింటికి అన్ని దీపాలు తేవాలంటే ఆ యింటి కరెంటు మీటరు ముందు పేలిపోతుంది.

గాజుపలకలు అతికిన పనిని అంకెల్లోకి దింపింది ఈ ముప్ఫయి యేళ్ళలోనే. 1995లో అమెరికాలో స్టీవ్ మాన్, రోజలిండ్ పికార్డ్ అనేవారు దారి చూపారు. 1997లో పాల్ డెబెవెక్, మన మథురలో పుట్టి కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన జితేంద్ర మాలిక్ కలిసి పద్ధతిని స్థిరపరచారు. స్టాన్‌ఫర్డ్‌లోని చర్చి లోపలి భాగాన్ని ముప్ఫయి సెకండ్ల నుంచి సెకండులో వెయ్యోవంతు దాకా, ఒక్కొక్క స్టాపు దింపుతూ పదహారు ఫోటోలు తీసి ఒకటిగా కలిపి చూపారు. రంగు అద్దాల కిటికీలూ కనపడ్డాయి, కప్పు కింది చీకటీ కనపడ్డది. నేను చర్చి స్థానంలో దేవుని అర్రను పెట్టుకుని చదివాను.

ఇదంతా నాకు చెప్పి చదివించినవాడు మా అన్నయ్య కొడుకు. ఇంజనీరింగు మూడో సంవత్సరం. స్టూడియో అతను వెళ్ళిపోయాక వచ్చి, “చిన్నాయనా, ఒక్కటి తీస్తే రాదు, యేడు తియ్యాలి,” అన్నాడు. యేడు ఫోటోలకు యేడుసార్లు ఖర్చనుకుని నేను గతుక్కుమన్నాను. ఇప్పుడు ఫిల్ము లేదు గదా, ఖర్చేమీ లేదట.

వాడు చేసిన పని వరసగా చెబుతాను, యింట్లో కెమేరా వున్నవారికి పనికొస్తుంది. ముక్కాలిపీట వంటి స్టాండు మీద కెమేరా బిగించాడు. యేడు బొమ్మలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి గనుక స్టాండు లేనిదే ఈ వ్రతం లేదు. కటకం మీది కన్నం యెంత తెరవాలో యెనిమిదో అంకె దగ్గర ఒకసారి పెట్టి మళ్ళీ ముట్టుకోలేదు. కన్నం మారిస్తే దూరాన వున్నవాటి నిగ్గు మారిపోయి బొమ్మలు కలవవు. దానంతటది స్పష్టత సరిచూసుకునే మర, రంగు సరిచేసుకునే మర, రెండింటినీ ఆపాడు. మార్చవలసినది వ్యవధి ఒక్కటే. యెండలో వున్న చెట్టుకు సెకండులో 250వ వంతు. అక్కడినుంచి రెండేసి స్టాపుల మెట్టున 60వ వంతు, 15వ వంతు, పావు సెకండు, ఒక సెకండు, నాలుగు, చివరికి దేవుని అర్రకు పదిహేను సెకండ్లు. మీటను వేలితో నొక్కితే కెమేరా కదులుతుందని రెండు సెకండ్ల తరువాత దానంతటదే తీసేటట్టు పెట్టాడు.

“నానమ్మా, కదలకు,” అన్నాడు. ఆవిడ కదలలేదు, విమానం వచ్చింది. దుండిగల్లు విమానం నెత్తిమీద గుర్రుమనగానే పెద్దమ్మ తలెత్తి చూసింది. గాలికి వేపకొమ్మలు వూగాయి. వాకిట్లో కోడి ఒకటి మూడో ఫోటోకు యిక్కడ, నాలుగో ఫోటోకు అక్కడ వున్నది. కలిపిన బొమ్మలో ఆ కోడికి రెండు తలలు, పెద్దమ్మకు మసకగా రెండో మొహం. ఈ విద్యలో యిలాటివాటిని దయ్యాలంటారట. కదిలే భాగం వరకు ఒకే ఫోటోలోది తీసుకుని, మిగతావాటిలోది తుడిచెయ్యాలి. మా అబ్బాయి రెండు గంటలు కూర్చుని దయ్యాలు వదిలించాడు.

తరువాత అసలు మెలిక. కలిపిన బొమ్మలో యిరవై వేల రెట్ల వెలుగూ అంకెల్లో భద్రంగా వున్నది గాని, దానిని చూపే కాగితం వంద రెట్లదే. దించాలి. ఈ దింపుడుకు ‘టోన్ మ్యాపింగ్’ అని పేరు. ఒక పద్ధతిలో మొత్తం బొమ్మను ఒకే కొలతతో నొక్కుతారు. అప్పుడు అంతా చప్పగా వస్తుంది. ఇంకో పద్ధతిలో ఒక్కొక్క ముక్కను దాని చుట్టుపక్కల వెలుగుతో పోల్చి విడిగా సరిచేస్తారు. ఇందులో ప్రతి ఆకూ, ప్రతి పెంకూ, ప్రతి ముడతా మెరుస్తుంది. చెయ్యి మీరితే నల్లని కొమ్మ పక్కన ఆకాశంలో తెల్లని వలయం పడుతుంది, రంగులు జాతర బొమ్మల్లా అరుస్తాయి. కుర్రవాళ్ళకు ఈ రెండో పద్ధతి మీద మోజు. మావాడు అదే చేసి, పెద్ద తెర మీద పెట్టి, నానమ్మను పిలిచాడు.

నాకు నోట మాట రాలేదు. చెట్టు వున్నది, మొహం వున్నది, దేవుని అర్రలో అల్మారా చెక్కల పగుళ్ళు కూడా వున్నాయి. శభాష్ అందామని పెద్దమ్మవైపు చూశాను. ఆవిడ చాలాసేపు చూసింది.

“ఇంత వెలుగు మనింట్ల ఎన్నడన్న ఉండెనా బిడ్డా?” అన్నది.

మావాడు నొచ్చుకున్నాడు. ఆవిడ వేలు చెట్టు అంచున పెట్టింది. “ఆపరేషన్ కాకముందు నాకు యాపచెట్టు గిట్లనే కనపడుతుండె. చుట్టూత ఎవలో సున్నం గీత గీసినట్టు.”

కంటిలో శుక్లాలున్నవారికి దీపాల చుట్టూ, వెలుతురు అంచుల్లో వలయాలు కనపడడం వైద్యులు చెప్పే లక్షణమే. ఇరవై వేల రూపాయల యంత్రం చేసిన తప్పును, ఆరేళ్ళ కిందట కన్ను కోయించుకున్న ముసలమ్మ ఒక్క చూపులో పట్టింది.

“దేవుని అర్రల దీపమేది?” అని మళ్ళీ అడిగింది.

“ఉన్నది నానమ్మా, ఇగో, గీడ.”

“నువ్వు చెప్తె తెలిసింది. సీకటుంటెనే గద దీపం కనపడేది. అంత సీకటి తీసేస్తె నేను దేనికి మొక్కాలె?”

మావాడు తెర ఆపేసి బయటికి వెళ్ళిపోయాడు. మరునాడు వస్తానని కూడా చెప్పలేదు. యిల్లు పడగొట్టడానికి యిక నాలుగు రోజులున్నది. సామాను సగం లారీ యెక్కింది. అన్నయ్య నామీద విసుక్కున్నాడు: “ఉన్నదేదో ఒకటి చాలదా, ముసలామె మాట పట్టుకుని...” అని. నిజం చెప్పవద్దూ, నాకూ చాలుననిపించింది. మొహం కనపడ్డది, చెట్టు కనపడ్డది, అర్ర కనపడ్డది. అడిగిన మూడూ యిచ్చాము. అయినా ఆవిడ అడిగినది యిల్లు.

రెండు రోజుల తరువాత తెల్లవారేసరికి మబ్బు పట్టి వున్నది. ఇక ఫోటో లేదనుకున్నాను. యెనిమిది గంటలకు మావాడు స్టాండు భుజాన వేసుకుని గడపలో నిలబడ్డాడు. “మబ్బే కావాలి చిన్నాయనా!” అన్నాడు. లెక్క చూస్తే వాడన్నది నిజమే. మబ్బులో వాకిటి వెలుగు లక్ష నుంచి పదివేలకు దిగుతుంది. నడిమింట్లో అంత తగ్గదు, దీపం ఆసరా వుంటుంది గనుక. ఉన్న దూరంలో మూడు స్టాపులు దేవుడే తగ్గించాడు. ఇక మనం సాగదీయవలసినది తక్కువ, అబద్ధం ఆడవలసినదీ తక్కువ.

కెమేరాలో ఐ.ఎస్.ఓ. అంకెను 100 నుంచి 400కు పెంచి, ఈసారి అయిదే తీశాడు. 125వ వంతు, 30వ వంతు, 8వ వంతు, అర సెకండు, రెండు సెకండ్లు. పెద్దమ్మ మొహం మూడోదాంట్లోది. గడప మీద కూర్చున్నవారికి వాకిటివైపు చెంప వెలిగి, యింటివైపు చెంప నల్లబడుతుంది. దానికి యంత్రం అక్కరలేకపోయింది. నులకమంచం నిలబెట్టి, దాని మీద మా పెద్దనాన్న తెల్లపంచె ఆరవేసి, కెమేరాకు కనపడకుండా ఆమె యెదట నిలిపాము. దర్వాజలోంచి వచ్చిన వెలుగు పంచె మీద పడి, మళ్ళీ ఆమె చెంప మీదికి తిరిగి వచ్చింది. ఆ పంచె యెవరిదో ఆవిడ గుర్తుపట్టింది గాని, యేమీ అనలేదు. కోడిని గంప కింద మూశాము.

ఈసారి కలిపేటప్పుడు మావాడు చెయ్యి చాలా బిగపట్టాడు. చెట్టును కాగితం తెలుపుకు ఒక మెట్టు కింద ఆపాడు. నడిమిల్లు నడిమిల్లులాగే మసకగా వుండనిచ్చాడు. దేవుని అర్రను పూర్తిగా వెలిగించకుండా, తలుపు చెక్క, అల్మారా అంచు తెలిసేంత వరకు మాత్రం పైకి తెచ్చి, దీపాన్ని వదిలేశాడు. రాత్రి పదకొండింటికి నాకు చూపించాడు. మొదటిదాని పక్కన పెడితే యిది గొప్పగా లేదు. ఫోటో పోటీకి పంపితే బహుమతి రాదు. కాని కాసేపు చూస్తే, కన్ను ముందు చెట్టు దగ్గర ఆగి, అక్కడినుంచి మొహానికి వచ్చి, ఆ తరువాత నెమ్మదిగా లోపలికి పోయి దీపం దగ్గర నిలుస్తుంది. ఆ యింట్లోకి యెవరు వచ్చినా చూపు అలాగే నడిచేది.

పెద్దమ్మకు చూపాడు. “ఆ,” అన్నది. తరువాత, “చెట్టు కింద గడంచె కనపడుతలేదేంది?” అని అడిగింది. గడంచెను ముందురోజే లారీలో వేశారు.

ఇంతా చదివి, మా దగ్గర స్టాండూ లేదు, పెద్ద కెమేరా లేదు అనేవారికి ఒక మాట. మీ చేతిలో ఫోను ఈ పని మీకు చెప్పకుండానే చేస్తున్నది. 2010లో ఆపిల్‌వారు తమ ఫోనులో ఈ సదుపాయం పెట్టారు. 2013లో గూగుల్‌వారు నెక్సస్ 5 ఫోనుతో యింకో ఉపాయం తెచ్చారు. వ్యవధులు మార్చకుండా, కావాలనే కొంచెం చీకటిగా వున్న ఫోటోలు టకటకా కొన్ని తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి చీకట్లోని యిసుకచుక్కలు మాయం చేయడం. చెంబు పొర్లకుండా చిన్నచిన్న వానలు పట్టి కలిపినట్టన్నమాట. మనుషులు, కోళ్ళు కదిలినా దయ్యాలు తక్కువ. అందుకని మీట నొక్కిన తరువాత కూడా ఒక క్షణం ఫోను కదల్చకండి. తెర మీద మనిషి మొహాన్ని వేలితో తాకితే సూర్యుడి గుర్తు వస్తుంది చాలా ఫోన్లలో. దానిని కొంచెం కిందికి జరపండి, ఆకాశం మిగులుతుంది. ఇవన్నీ లేకున్నా, పొద్దు కుంకిన తరువాత యింట్లో లైటు వేసే వేళ పది నిమిషాలపాటు లోపలి వెలుగూ బయటి వెలుగూ సరిసమానంగా వుంటాయి. గుమ్మంలో ఫోటోకు అంతకంటే మంచి ముహూర్తం లేదు. వర్జ్యం చూడనక్కరలేదు.

యిల్లు అనుకున్న రోజునే పడగొట్టారు. పెద్దమ్మ, అన్నయ్యావాళ్ళు సూరారంలో అద్దె ఫ్లాటులో వున్నారు. ఫోటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, బాల్కనీకి యెదటి గోడకు తగిలించారు. పగలంతా ఆ అద్దంలో బాల్కనీ, బట్టలారేసిన తీగ కనపడతాయే గాని ఫోటో కనపడదు. అద్దం తీసేయమని పెద్దమ్మ అంటున్నది. దుమ్ము పడుతుందని అన్నయ్య ఒప్పుకోడు. ప్రస్తుతానికి సాయంత్రం తలుపు వేసి లైటు పెట్టిన తరువాత చూసుకుంటున్నారు.